లైఫ్ జాకెట్ లోపలి లేబుల్

కార్తీకమాసం వస్తే మన నదుల మీద బోట్లు నిండిపోతాయి. పాపికొండలకి వెళ్లేవాళ్లు, విజయవాడలో భవానీ ద్వీపానికి వెళ్లేవాళ్లు, సాగర్ నుంచి నాగార్జునకొండకి వెళ్లేవాళ్లు. బోటెక్కగానే చేతికొక లైఫ్ జాకెట్ ఇస్తారు. తగిలించుకుంటాం. ఫోటో దిగుతాం. ఆ జాకెట్ లోపలి వైపు చిన్న గుడ్డముక్క ఒకటి కుట్టి ఉంటుంది. దానిమీద ఒక అంకె, కొన్ని బొమ్మలు, ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు ఉంటాయి. ఇవాళ ఆ గుడ్డముక్క గురించే మాట్లాడతాను. దాన్నే లేబుల్ అంటున్నాం.

ఆ జాకెట్ మిమ్మల్ని ఎంతవరకు కాపాడుతుందో ఆ లేబుల్ చెబుతుంది. ఎక్కడ కాపాడలేదో కూడా చెబుతుంది. కానీ చెప్పే తీరు గజిబిజి. చదువుకున్నవాళ్లకి కూడా ఒక పట్టాన అర్థం కాదు. అర్థం కాని హెచ్చరిక ఎవరికి ఉపయోగం చెప్పండి?

ఈ మాట ఎందుకు ఎత్తుతున్నానో మీకు తెలుసు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడింది. ఇరవైమందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. రెండేళ్లు తిరగలేదు. 2019 సెప్టెంబరు 15, అదీ ఆదివారమే. పాపికొండలకి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో ఉన్నవాళ్లలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. బోటును నది అడుగు నుంచి పైకి తీయడానికి నెల దాటింది. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం తీసింది. జాకెట్ వేసుకుని ఉండటం వల్లే బతికామని బయటపడ్డవాళ్లు చెప్పిన మాటలు మనమంతా విన్నాం.

అప్పటినుంచి జాకెట్ వేసుకోండి, వేసుకోండి అని అందరూ చెబుతున్నారు. మంచిదే. నేనూ అదే చెబుతాను. అయితే దానికి ఇంకో మాట కలుపుతాను. వేసుకునే ముందు ఒక్కసారి తిప్పి, లోపలి లేబుల్ చూడండి. వేసుకున్నాక అది కనపడదు. అందుకే ముందే చూడాలి.

లేబుల్ మీద అన్నిటికంటే పెద్దగా ఒక అంకె ఉంటుంది. 50 అని ఉండొచ్చు. 100 అని ఉండొచ్చు. 150 ఉండొచ్చు. సముద్రంలో దూరం వెళ్లేవాళ్ల జాకెట్ల మీద 275 కూడా ఉంటుంది. ఆ అంకె పక్కన ఒక్కోసారి ఎన్ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది. ఎన్ అంటే న్యూటన్. బలాన్ని కొలిచే కొలత.

ఇక్కడే మనిషి పొరబడతాడు. 50 అని చూడగానే, ఇది యాభై కిలోల మనిషికి అనుకుంటాడు. 100 అంటే వంద కిలోల మనిషికి అనుకుంటాడు. నలభై ఎనిమిది కిలోల ఆడమనిషి ఉందనుకోండి. ఆవిడకి ఈత రాదు. 50 అంకె చూసి, ఇది నాకు సరిగ్గా సరిపోతుందిలే అనుకుంటుంది. నిజానికి ఆ జాకెట్ ఆవిడ కోసం చేసింది కాదు. ఈత వచ్చినవాళ్ల కోసం చేసింది.

మళ్లీ చెబుతున్నాను. ఆ పెద్ద అంకె మీ ఒంటి బరువు కాదు. అది జాకెట్ బలం. నీళ్లలో మిమ్మల్ని పైకి నెట్టే బలం.

ఈ బలం ఏమిటో ఒక డబ్బాతో చెబుతాను. ఖాళీ నూనె డబ్బా తీసుకోండి. అయిదు లీటర్లది. మూత గట్టిగా బిగించండి. పెద్ద తొట్టిలో నీళ్లు పోసి, దాన్ని అరచేత్తో అడుగుకి నొక్కండి. అది చేతిని పైకి తన్నుతుంది. ఆ తన్నే బలం సుమారు అయిదు కిలోలు. 50 అంకె ఉన్న జాకెట్ బలం అంతే. అయిదు లీటర్ల ఖాళీ డబ్బా. 100 అంకె ఉంటే పది లీటర్ల డబ్బా అనుకోండి. 150 ఉంటే పదిహేను లీటర్ల డబ్బా. వంటవాళ్ల దగ్గర ఉంటుందే, పెద్ద రేకు డబ్బా, అది. అంకెలో చివరి సున్నా తీసేస్తే ఎన్ని లీటర్ల డబ్బానో తెలిసిపోతుంది. 50 అయితే అయిదు. 100 అయితే పది.

అరవై కిలోల మనిషిని అయిదు కిలోల బలం ఎలా తేలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. నీళ్లలో మన బరువు చాలావరకు నీళ్లే మోస్తాయి. పెద్దవాళ్లకి తల పైకి ఉండటానికి ఇంకో మూడు నుంచి అయిదు కిలోల సాయం చాలు. ఇందులో ఒక విశేషం ఉంది. కాస్త కొవ్వు పట్టిన ఒళ్లు తేలిగ్గా తేలుతుంది. బక్కగా, గట్టి కండతో ఉన్న ఒళ్లు త్వరగా దిగిపోతుంది. కాబట్టి లావుగా ఉన్నవాళ్లకి పెద్ద అంకె, సన్నగా ఉన్నవాళ్లకి చిన్న అంకె అనే లెక్క ఏ విధంగా చూసినా తప్పే.

మరి మూడు నుంచి అయిదు కిలోలు చాలన్నప్పుడు, 50 జాకెట్ అందరికీ సరిపోవాలి కదా? సరిపోదు. ఎందుకో చెప్పాలంటే ఆ డబ్బా దగ్గరికే మళ్లీ వెళ్లాలి.

పల్లెల్లో పిల్లలకి బావిలో ఈత నేర్పేటప్పుడు వీపుకి ఖాళీ డబ్బా కట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ డబ్బా ఏం చేస్తుంది? వీపుని పైకి లేపుతుంది. వీపు పైకి లేస్తే ముఖం ఎటు పోతుంది? నీళ్లలోకి. పిల్లవాడు మెలకువగా ఉన్నాడు. చేతులు ఆడిస్తున్నాడు. తల పైకెత్తి ఊపిరి పీలుస్తున్నాడు. గట్టున నాన్నో, మేనమామో నిలబడి చూస్తున్నాడు. అందుకని ఏ ప్రమాదమూ లేదు. అదే పిల్లవాడికి స్పృహ తప్పిందనుకోండి. డబ్బా వాణ్ణి మునగనివ్వదు. కానీ ముఖం నీళ్లలోనే ఉంచేస్తుంది. తేలుతూనే ప్రాణం పోతుంది.

50 అంకె ఉన్న జాకెట్ పరిస్థితి ఇంచుమించు ఇదే. ముందూ వెనకా బెండు సర్ది ఉంటుంది. చేతులు ఆడించడానికి హాయిగా ఉంటుంది. తెలివిలో ఉండి, ఈత వచ్చి, సాయం చేసేవాళ్లు దగ్గర్లోనే ఉంటే అది మంచి జాకెట్. కయాక్ నడిపేవాళ్లు, నీళ్ల ఆటలు ఆడేవాళ్లు వేసుకునేది అదే. కానీ అది మనిషిని వెల్లకిలా తిప్పుతుందన్న భరోసా లేదు. 100, ఆ పైన అంకె ఉన్న జాకెట్లు వేరు. వాటిలో బెండు ఎక్కువగా ఛాతీ మీద ఉంటుంది. మెడ వెనక కూడా ఒక దిండులాగా ఉంటుంది. బోర్లా పడ్డ మనిషిని వెల్లకిలా తిప్పి, ముక్కూ నోరూ నీళ్లకి పైన ఉంచేలా వాటిని తయారుచేస్తారు. బోటు తిరగబడినప్పుడు తలకి దెబ్బ తగలొచ్చు. భయంతో ఒళ్లు తెలియకపోవచ్చు. అప్పుడు ఈ తేడాయే ప్రాణం నిలబెడుతుంది.

అందుకని, ఈత రానివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 100. ఇంకోసారి వినండి. ఈత రాకపోతే 100. వంద కంటే తక్కువ ఉంటే, అది మీ జాకెట్ కాదు. 100 జాకెట్ కూడా పెద్ద అలలు లేని నీళ్లకే. సముద్రంలో లోపలికి వెళ్లేవాళ్లకి 150 నుంచి మొదలవుతుంది.

మన లాంచీల్లో కొన్ని జాకెట్ల మీద ఈ అంకె అసలు ఉండదు. కంగారు పడకండి. ఓడల కోసం ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని పేరు సోలాస్. ఆ పద్ధతిలో చేసిన జాకెట్ల మీద సోలాస్ అన్న పేరు, ఏ బరువువాళ్లకో కిలోల్లో ఉంటాయి. అవి కూడా మనిషిని వెల్లకిలా తిప్పేవే. 43 కిలోలు, ఆ పైన ఉంటే పెద్దల జాకెట్. 15 నుంచి 43 లోపు ఉంటే పిల్లల జాకెట్. 15 కిలోల లోపు పసిపిల్లలకి వేరే జాకెట్.

కొత్తరకం లేబుళ్ల మీద ఒక బొమ్మ ఉంటుంది. నీళ్లలో మనిషి, అతని చుట్టూ తిరుగుతున్నట్టు ఒక వంకర బాణం. స్పృహ తప్పినా వెల్లకిలా తిప్పుతుందని దాని భావం. అదే బాణం మీద అడ్డంగా గీత కొట్టి ఉంటే, తిప్పదు అని. ఇంత ముఖ్యమైన సంగతిని గోరంత బొమ్మలో చెబుతారు. బొమ్మ కింద వివరం ఉండదు. మొదటిసారి చూసినవాళ్లు ఆ బాణాన్ని చూసి, నీళ్లలో గుండ్రంగా తిరగాలి కాబోలు అనుకున్నా వాళ్లని తప్పు పట్టలేం.

పైగా ఆ లేబుల్ మీద హెచ్చరికలన్నీ ఒకే వరుసలో, ఒకే సైజులో ఉంటాయి. దిండులాగా వాడకండి. ఎండలో ఆరేయకండి. పెట్రోలు తగలనివ్వకండి. ఈత రానివాళ్లకి పనికిరాదు. ఇవన్నీ ఒకే గుంపులో. ఇందులో మొదటి మూడూ జాకెట్ గురించి. నాలుగోది మీ ప్రాణం గురించి. ఆ నాలుగోది అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, వేరుగా ఉండాలి. ఒక చోట పదిహేను హెచ్చరికలు పెడితే మనిషి ఒక్కటీ చదవడు. కంపెనీ తన బాధ్యత తీరిందనుకుంటుంది. జాకెట్ వేసుకున్నవాడికి మాత్రం ఏమీ తెలియదు. ఇది అన్యాయం అని నా అభిప్రాయం.

ఇక పిల్లల సంగతి. దీనిమీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

పెద్ద అంకె కాకుండా, లేబుల్ మీద కిలోల్లో ఇంకో లెక్క ఉంటుంది. ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల వరకు అని. ఒంటి బరువు అంటే అది. ఛాతీ కొలత కూడా సెంటీమీటర్లలో ఉండొచ్చు. అంటే లేబుల్ మీద మూడు రకాల అంకెలు. ఒకటి బలం, ఒకటి బరువు, ఒకటి కొలత. ఏది ఏదో తెలియక మనిషి తికమక పడతాడు. పక్కన కిలోలని రాసి ఉంటే అది మీ బరువు. ఒంటరిగా, పెద్దగా ఉన్నది జాకెట్ బలం. ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లల జాకెట్ మీద 100 అని ఉన్నా, దాని అసలు బలం పెద్దవాళ్ల జాకెట్ అంత ఉండదు. పిల్లవాడి బరువుకి అంత అవసరం లేదు కనుక తక్కువ పెడతారు. కాబట్టి 100 అని ఉంది కదా అని చిన్నపిల్లల జాకెట్ని పెద్దవాళ్లు ఇరికించుకోకూడదు.

దీనికి తలకిందులుగా జరిగేదే ఎక్కువ. చిన్నపిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ వేస్తారు. వదులుగా ఉన్నా, పెద్దది కదా, ఇంకా బాగా తేలుస్తుందిలే అనుకుంటారు. అమ్మలూ, నాన్నలూ, దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. పెద్ద జాకెట్ వేసుకున్న పిల్లవాడు నీళ్లలో పడితే, జాకెట్ పైకి తేలుతుంది. పిల్లవాడు కిందికి జారతాడు. చంకల దగ్గర నుంచి జాకెట్ చెవుల మీదికి వచ్చేస్తుంది. చేతులు ఇరుక్కుంటాయి. ఒక్కోసారి మొత్తం ఊడిపోతుంది. జాకెట్ ఒకచోట తేలుతుంది, బిడ్డ ఇంకోచోట ఉంటాడు.

దీన్ని బోటు కదలకముందే పరీక్ష చేయొచ్చు. జాకెట్ వేయండి. బకిళ్లన్నీ పెట్టండి. పట్టీలు లాగి బిగించండి. ఇప్పుడు పిల్లవాడి భుజాల దగ్గర జాకెట్ని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి, చెవుల దాకా వచ్చేస్తే అది ఆ పిల్లవాడికి పనికిరాదు. కదలకుండా ఉంటే సరిపోయినట్టు. పది సెకన్లు కూడా పట్టదు. పెద్దవాళ్లు కూడా ఒకరికొకరు ఇలా లాగి చూసుకోవచ్చు. మొహమాటం అక్కర్లేదు.

చిన్నపిల్లల జాకెట్లకి కాళ్ల మధ్య నుంచి తీసి ముందుకి పెట్టుకునే పట్టీ ఉంటుంది. లేబుల్ మీద దాని బొమ్మ కూడా ఉండొచ్చు. ఫోటోలో బాగుండదనో, పిల్లవాడు ఏడుస్తున్నాడనో దాన్ని వదిలేస్తారు. జాకెట్ పైకి జారిపోకుండా ఆపేది ఆ పట్టీయే. దాన్ని వేయకపోతే జాకెట్ సగమే వేసినట్టు.

జాకెట్ని దిండులాగా వాడకండి అన్న హెచ్చరికకి కూడా కారణం ఉంది. జాకెట్లో ఉన్నది బెండు. దాని నిండా చిన్నచిన్న గాలి గదులు. మనం దానిమీద కూర్చుంటే ఆ గదులు నలిగిపోతాయి. రోజూ పదిమంది కూర్చుంటే బెండు పలచబడుతుంది. పైకి నెట్టే బలం తగ్గిపోతుంది. మీద 100 అన్న అంకె అలాగే ఉంటుంది. లోపల 100 ఉండదు. ఎండ సంగతీ అంతే. నెలల తరబడి ఎండలో ఉంటే గుడ్డ పెళుసైపోతుంది. లాగితే చిరుగుతుంది. కాబట్టి బోటులో జాకెట్ ఇస్తే దానిమీద కూర్చోకండి. ఎవరైనా కూర్చుంటే వద్దని చెప్పండి. తర్వాత దాన్ని వేసుకోబోయేది ఇంకో ఇంటి బిడ్డ.

లేబుల్ పూర్తిగా వెలిసిపోయి ఉందనుకోండి. అంకె లేదు, కిలోలు లేవు, సోలాస్ అన్న పేరూ లేదు. అప్పుడు ఆ జాకెట్ బలం ఎంతో ఎవరికీ తెలియదు. ఇచ్చినవాడికీ తెలియదు. నా లెక్కలో అది జాకెట్ కాదు. వేరేది అడగండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఒక మాట. అక్కడ మన తెలుగు పిల్లలు సెలవు రోజుల్లో చెరువులకీ, సరస్సులకీ వెళ్తారు. పడవలు అద్దెకి తీసుకుంటారు. అక్కడి జాకెట్ల మీద చాలా ఏళ్లపాటు టైప్ 1 నుంచి టైప్ 5 దాకా రాసేవాళ్లు. అందులో టైప్ 1 సముద్రంలో దూరం వెళ్లేవాళ్లకి. టైప్ 3 ఒడ్డు దగ్గర, ఈత వచ్చినవాళ్లకి. అంటే ఆ పద్ధతిలో చిన్న అంకెది ఎక్కువ బలం. ఇప్పుడు వస్తున్న కొత్త లేబుళ్లలో పెద్ద అంకెది ఎక్కువ బలం. పూర్తిగా తలకిందులు. 2014లో అమెరికా కోస్ట్ గార్డ్ లేబుళ్ల మీద టైప్ రాయాలన్న నిబంధన తీసేసింది. ఆ తర్వాత కొత్త పద్ధతి మెల్లగా వస్తోంది. అక్కడ 70 అన్న అంకె కూడా కనిపిస్తుంది. 70 కూడా ఈత వచ్చి, సాయం దగ్గర్లో ఉన్నవాళ్లకే. పాతవీ కొత్తవీ రెండూ ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. మీ పిల్లలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పండి. ఈత రాకపోతే పడవ అద్దెకిచ్చేవాళ్లకి ఆ మాట ముందే చెప్పమనండి.

ఇప్పుడు బోట్లు నడిపేవాళ్లతో, అధికారులతో కూడా కొంచెం మాట్లాడాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో మన దేశానికి కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. ప్రాణరక్షణ పరికరాల గురించి అందులో ఉంది. సంతోషం. కానీ చట్టం ఢిల్లీలో ఉంటుంది. జాకెట్ గోదావరి మీద గండిపోచమ్మ రేవులో ఉంటుంది. దాన్ని తొడుక్కునే మనిషి ఏ పల్లె నుంచో వస్తాడు. ఆ మనిషికి తెలుగులో చెప్పాలి. రేవు దగ్గర పెద్ద అక్షరాల్లో ఒక బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఈత రానివాళ్లు 100 అంకె జాకెట్ అడగండి అని రాస్తే చాలు. పిల్లల జాకెట్లు వేరే రంగు సంచిలో, బరువుల వారీగా సర్ది పెడితే చాలు. బోటు కదిలేటప్పుడు, మైకులో పాట పెట్టకముందే సరంగు ఒక్క నిమిషం మాట్లాడితే చాలు. జాకెట్ ఎలా బిగించాలో వేసి చూపిస్తే ఇంకా మంచిది. విమానంలో చూపిస్తున్నారు కదా. గోదావరి మీద ఎందుకు చూపించకూడదు?

ఇంకో విషయం. ఎండగా ఉందనో, భోజనాలు వడ్డిస్తున్నారనో జాకెట్ విప్పి పక్కన పెట్టడం మన అలవాటు. బోటు మునిగేటప్పుడు జాకెట్ వెతుక్కునే టైముండదు. నిమిషాల్లో, ఒక్కోసారి అంతకంటే తక్కువలో అంతా అయిపోతుంది. మళ్లీ ఒడ్డు మీద కాలు పెట్టేదాకా జాకెట్ ఒంటిమీదే ఉండాలి. అన్నం జాకెట్ వేసుకునే తినొచ్చు.

శ్రోతలారా, ఈ కార్తీకంలో మీరు బోటెక్కుతుంటే, జాకెట్ చేతికి రాగానే లోపలి లేబుల్ చూడండి. మీకు చదవడం రాకపోతే పక్కనున్న కాలేజీ పిల్లల్ని అడగండి. అంకె ఎంత, ఎన్ని కిలోలవాళ్లకి, ఈ రెండూ చెప్పమనండి. మీకు ఈత రాదని బోటువాళ్లకి గట్టిగా చెప్పండి. అది సిగ్గుపడాల్సిన సంగతి కాదు. మీ పిల్లవాడి బరువుకి సరిపోయే జాకెట్ ఇమ్మని అడగండి. లేదంటే, టికెట్ డబ్బులు పోయినా సరే, ఆ రోజుకి బిడ్డని బోటెక్కించకండి.